ముందు నింపే ప్లగ్ విప్పండి: గేర్‌బాక్స్ ఆయిల్ ఎంచుకోవడం, మార్చుకోవడం

పొద్దున్నే కారు తీస్తే మొదటి కిలోమీటరు దాకా సెకండ్ గేర్ సరిగ్గా పడేది కాదు. లివర్ లాగుతుంటే మధ్యలో ఏదో అడ్డం పడ్డట్టు ఆగేది. కాస్త గట్టిగా లాగితే అప్పుడు పడేది. పది నిమిషాలు నడిచాక ఏ ఇబ్బందీ ఉండేది కాదు కాబట్టి ఏడాది పాటు అలాగే వదిలేశాను. ఇంజిన్ ఆయిల్ మాత్రం ఒక్కసారి కూడా తప్పకుండా మార్పించేవాణ్ణి. గేర్‌బాక్సులోనూ నూనె ఉంటుందని తెలుసు గానీ, అదీ పాతబడుతుందన్న ఆలోచనే రాలేదు.

చివరికి 86,000 కిలోమీటర్ల దగ్గర ఒక షెడ్డులో మార్పించాను. ఏ నూనె పోశారని అడిగితే "అన్నిటికన్నా మంచిది, చిక్కటిది" అన్నారు. డబ్బా మీద జీఎల్-5 అని ఉంది. అప్పటికి దాని అర్థం నాకు తెలియదు. వారం తిరక్కుండానే సెకండ్ గేర్ వేస్తే కర్రుమనడం మొదలైంది, బండి వేడెక్కాక కూడా. కొత్త నూనె పోస్తే గేర్లు ఇంకా పాడవడమేమిటని కారుతో పాటు వచ్చిన పుస్తకం తీసి చదివాను. అందులో జీఎల్-4, 75డబ్ల్యూ-80 అని స్పష్టంగా రాసి ఉంది. ఆ నూనె తీసేసి సరైనది నేనే పోశాను. కరకర చాలావరకు తగ్గింది. అప్పట్నుంచి నా కారుకీ, మా వాళ్ళ కార్లకీ ఈ పని నేనే చేస్తున్నాను. కష్టమైన పని కాదు. కానీ తప్పు నూనె పోసినా, వరస తప్పి విప్పినా నష్టం పెద్దది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

జారాలి, మరీ జారకూడదు

పాత సింక్రో రింగు ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. తెలిసిన మెకానిక్ ఒక గేర్‌బాక్స్ విప్పినప్పుడు అడిగి తెచ్చుకున్నాను. చేతి గాజు అంత ఇత్తడి రింగు, బయట చుట్టూ చిన్న చిన్న పళ్ళు. లోపలి వైపు వేలితో తడిమితే దారం చుట్టినట్టు సన్నటి గీతలు తగులుతాయి. గేరు మెత్తగా పడటమంతా ఆ గీతల్లోనే ఉంది. మనం లివర్ కదపగానే ఈ రింగు గేరు పక్కనుండే ఉక్కు కోను మీద నొక్కుకుంటుంది. గీతల అంచులు మధ్యలో ఉన్న నూనె పొరను చీల్చి పక్కకు తోస్తాయి. ఇత్తడి ఉక్కును పట్టుకుంటుంది. ఆ రాపిడికి రెండిటి వేగం ఒకటవుతుంది. వేగాలు కలిశాకే స్లీవ్, అంటే లివర్‌తో పాటు జరిగే పళ్ళ పట్టీ, జారి గేరు పళ్ళలో కూర్చుంటుంది. అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. నా దగ్గరున్న రింగులో గీతలు అరిగిపోయి కొన్నిచోట్ల అద్దంలా నున్నగా అయ్యాయి. అలాంటి రింగు కోనును పట్టుకోలేదు. వేగాలు కలవకుండానే పళ్ళూ పళ్ళూ కొట్టుకుంటాయి. మనకు వినపడే కర్రు అదే.

అంటే గేర్‌బాక్సులో నూనె ఒకదానికొకటి పొసగని రెండు పనులు చెయ్యాలి. పళ్ళ చక్రాలకూ బేరింగులకూ అది బాగా జారుడు ఇవ్వాలి. సింక్రో రింగు దగ్గర మాత్రం ఆ జారుడు మితంగా ఉండాలి. గేర్‌బాక్స్ తయారుచేసినవాళ్ళు ఈ రెండూ తూచి ఒక నూనె చెబుతారు. దాన్ని కాదని "ఇంకా మంచిది" పోస్తే ఒకవైపు మేలు జరిగి, రెండోవైపు దెబ్బ తగులుతుంది.

జీఎల్-4, జీఎల్-5 అన్నవి ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, ఇచ్చిన వర్గాలు. ఇందులో 5 పెద్దది కాబట్టి మేలైనది అనుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. ఇంజిన్ ఆయిల్లో కొత్త గ్రేడు సాధారణంగా పాత గ్రేడు బదులు పనికొస్తుంది. ఇక్కడ ఆ లెక్క కుదరదు. జీఎల్-5 ముఖ్యంగా హైపాయిడ్ గేర్ల కోసం. వెనక చక్రాలు నడిపించే బండ్ల డిఫరెన్షియల్‌లో, అంటే రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల పెట్టెలో, ఉండేవి అవి. వాటి పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టి ఒత్తిడిలో పక్కకు రాసుకుంటూ కదులుతాయి. అందుకని జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన రసాయనాలు జీఎల్-4లో కంటే సుమారు రెట్టింపు ఉంటాయి. సింక్రో రింగు పట్టు తప్పేది వీటివల్లే. పాత రకం జీఎల్-5 నూనెల్లో గంధకం ఇత్తడినీ కంచునూ తినేసేది కూడా. ఇప్పటి నూనెల్లో చాలావాటిలో ఆ ప్రమాదం తగ్గింది గానీ, పట్టు తప్పే సమస్య అలాగే ఉంది.

అలాగని జీఎల్-5 చెడ్డ నూనె కాదు. సుబారు కార్ల మాన్యువల్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి కంపెనీ చెప్పేదే జీఎల్-5. అక్కడ గేర్‌బాక్సూ, హైపాయిడ్ గేర్లున్న ముందు డిఫరెన్షియలూ ఒకే నూనెలో తిరుగుతాయి. అందుకు తగ్గట్టే సింక్రోలు కూడా చేశారు. ఇంజిన్ అడ్డంగా కూర్చున్న మామూలు ముందు చక్రాల కార్లలో కూడా డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే ఉంటుంది. కానీ అందులో హైపాయిడ్ గేర్లుండవు. అందుకే ఎక్కువ వాటికి జీఎల్-4 సరిపోతుంది.

ఇక చిక్కదనం. డబ్బా మీద 75డబ్ల్యూ-90 అని చూసి, 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుందని కంగారు పడేవాళ్ళున్నారు. గేర్ ఆయిల్ కొలబద్ద వేరు, ఇంజిన్ ఆయిల్ కొలబద్ద వేరు. 100 డిగ్రీల దగ్గర 90 గేర్ ఆయిల్, 40కీ 50కీ మధ్యనుండే ఇంజిన్ ఆయిల్ అంత చిక్కగానే ఉంటుంది. ముందున్న అంకె చలికి సంబంధించినది. చలిలో నూనె ఒక హద్దు దాటి చిక్కబడకూడదన్నది పరీక్ష. 75డబ్ల్యూ ఆ పరీక్ష మైనస్ 40 డిగ్రీల దగ్గర నెగ్గాలి, 80డబ్ల్యూకి మైనస్ 26 దగ్గర నెగ్గితే చాలు. మనం అంత చలిలో బండి నడపకపోయినా, పొద్దున్నే మొదటి రెండు మూడు కిలోమీటర్లలో ఈ తేడా చేతికి తెలుస్తుంది. నూనె చిక్కగా ఉంటే రింగు దాన్ని త్వరగా చీల్చుకుని కోనును పట్టుకోలేదు.

గేర్ ఆయిల్ అసలే పొయ్యని గేర్‌బాక్సులూ ఉన్నాయి. కొన్ని మాన్యువల్ గేర్‌బాక్సుల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె, అంటే ఏటీఎఫ్, పొయ్యమంటారు. హోండా పాత కార్లలో చాలావాటికి ఇంజిన్ ఆయిలే చెప్పింది, తర్వాత ఎంటీఎఫ్ అని మాన్యువల్ గేర్‌బాక్సుల కోసం తన సొంత నూనె తెచ్చింది. అలాంటి బండిలో 75డబ్ల్యూ-90 పోస్తే చలిపూట గేర్ పడటమే కష్టమవుతుంది. అందుకే పుస్తకంలో ఏ పేజీలో ఏ నూనె రాసి ఉందో మీ కళ్ళతో చూడనిదే కొనకండి. పుస్తకం పోయి ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో మోడలు, ఏడాది, గేర్‌బాక్స్ కోడ్ చెప్పి అడగండి. ఒకే కారులో పెట్రోలు ఇంజినుకు ఒక గేర్‌బాక్స్, డీజిలుకు ఇంకోటి ఉండొచ్చు, రెండిటికీ నూనెలు వేరు కావచ్చు.

పుస్తకంలో ఉన్న గ్రేడుకి సరిపడితే సింథటిక్ నూనె మీదే నా మొగ్గు. చలిలో తేడా తెలుస్తుంది, వేడికి త్వరగా చెడదు. డబ్బా మీద ఎంటీ-1 అని మాత్రమే ఉంటే వద్దు. అది సింక్రోలు లేని లారీ, బస్సు గేర్‌బాక్సుల కోసం. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కోసం రాపిడి తగ్గించే మందులు అమ్ముతారు, అవి ఇందులో కలపొద్దు.

నూనెదేనా తప్పు?

నూనె మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. బండి ఆపి, ఇంజిన్ కట్టేసి అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా నొక్కి మళ్ళీ వేసి చూడండి. కట్టేసినప్పుడు హాయిగా పడి, ఇంజిన్ నడుస్తుంటే అన్నీ మొరాయిస్తున్నా, రివర్స్ కర్రుమంటున్నా క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. ఎన్ని లీటర్ల కొత్త నూనె పోసినా అది బాగుపడదు. ఒక్క గేరు మాత్రమే కర్రుమంటుంటే దాని సింక్రో అరిగింది. నూనె మారిస్తే కొంత సర్దుకోవచ్చు, అరిగిన ఇత్తడి మాత్రం తిరిగి రాదు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు కూత వినపడి, నొక్కగానే ఆగిపోతుంటే లోపల బేరింగు మీద అనుమానపడాలి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది కూడా పుస్తకమే చెబుతుంది. "జీవితాంతం మార్చక్కర్లేదు" అని రాసిన కార్లకు కూడా నేను 60,000 దగ్గర మారుస్తాను. ఇంజిన్ ఆయిలుకు ఉన్నట్టు దీనికి ఫిల్టరు ఉండదు. అరిగిన లోహపు పొడి అంతా నూనెలోనే తిరుగుతూ ఉంటుంది. ఇంకో సంగతి. బండి లోతు నీళ్ళలో నుంచి వెళ్ళి ఉంటే కిలోమీటర్లు చూడకండి, వెంటనే నూనె చూడండి. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, గాలి ఆడటానికి పెట్టిన బ్రీదర్ గొట్టం గుండా నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. నీళ్ళు కలిసిన నూనె పాలలా తెల్లబారి ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు

పుస్తకంలో చెప్పిన కొలత కంటే అర లీటరు ఎక్కువ నూనె తెచ్చుకోండి. చిన్న కార్లకు సాధారణంగా 2 లీటర్ల అటూ ఇటూ పడుతుంది. రెండు ప్లగ్గులకూ కొత్త వాషర్లు కావాలి. రాగిదో అల్యూమినియందో ఆ వాషరు ఒకసారి నలిగాక మళ్ళీ సరిగ్గా మూయదు. ప్లగ్గులు ఒక్కో కారులో ఒక్కో రకం. కొన్నిటికి బయట ఆరు మూలల తల, కొన్నిటికి లోపల అలెన్ కీ పట్టే గుంట, కొన్నిటికి నలుచదరపు గుంట ఉంటాయి. ముందే కిందికి వంగి చూసి, సరిగ్గా సరిపోయే పానా తెచ్చుకోండి. వదులుగా ఉన్న పానాతో తిప్పితే మూలలు అరిగిపోతాయి. ఇంకా వెడల్పాటి ట్రే, గుడ్డలు, గరాటు, మీటరు పొడవు మెత్తటి పైపు లేదా నూనె పంపు, ఎంత బలంతో (టార్కుతో) బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ కావాలి. వేడి నూనె కాబట్టి చేతులకు గ్లవ్స్ ఉండాలి.

బండి పది పదిహేను నిమిషాలు నడిపి తీసుకురండి. వెచ్చని నూనె పూర్తిగా కారుతుంది, అడుగున పేరుకున్న పొడిని కూడా లాక్కొస్తుంది. తర్వాత కారు నాలుగు వైపులా ఒకే మట్టంలో నిలబడాలి. ముందు వైపు మాత్రమే ఎత్తి నూనె పోస్తే మట్టం తప్పు చూపిస్తుంది. గుంత ఉన్న షెడ్డు దొరికితే అన్నిటికన్నా మేలు. లేకపోతే నాలుగు స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి ఎప్పుడూ వెళ్ళకండి. స్టాండ్ల మీద దించాక కారును చేత్తో గట్టిగా కుదిపి చూసి, అప్పుడు కిందికి వెళ్ళండి. ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు.

ముందు పై ప్లగ్

గేర్‌బాక్స్ పక్కన, సగం ఎత్తులో ఉండేది నూనె నింపే ప్లగ్. అడుగున ఉండేది నూనె తీసే ప్లగ్. ముందు పైది విప్పండి. అది విడివడిందని చూశాకే కింది దాని మీద చెయ్యి వెయ్యండి.

మా వాళ్ళ కారుకి మొదటిసారి చేసినప్పుడు నేను ఈ వరస పాటించలేదు. కింది ప్లగ్ విప్పి నూనెంతా తీసేశాను. ఆ తర్వాత పై ప్లగ్ కదల్లేదు. పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టుకోనట్టుంది, అల్యూమినియంలో బిగుసుకుపోయింది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున మళ్ళీ ప్రయత్నిస్తే పానా జారి ఒక మూల కాస్త అరిగింది. గేర్‌బాక్సులో చుక్క నూనె లేదు, కారు గజం కదిలే వీల్లేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. మరో రెండుసార్లు స్ప్రే కొట్టి, ప్లగ్ తల మీద సుత్తితో మెల్లగా తట్టి, ఆరు మూలల సాకెట్‌ను పొడవాటి హ్యాండిల్‌తో నిదానంగా తిప్పితే సాయంత్రానికి టక్కుమని విడిచింది. పై ప్లగ్ ముందే ప్రయత్నించి ఉంటే, రాకపోయినా పాత నూనెతోనే కారు నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

ఇంకో జాగ్రత్త. విప్పుతున్నది గేర్‌బాక్స్ ప్లగ్గేనా, ఇంజినుదా అని రెండుసార్లు చూసుకోండి. ఇంజిన్ ఆయిల్ మార్చబోయి గేర్‌బాక్స్ నూనె తీసేసి, ఇంజినులో మళ్ళీ నాలుగు లీటర్లు పోసినవాళ్ళున్నారు. అప్పుడు ఇంజినులో నూనె రెట్టింపు, గేర్‌బాక్స్ ఖాళీ. గేర్ ఆయిల్ వాసన మర్చిపోలేనిది, గంధకపు ఘాటు. ఆ వాసన రాగానే అది ఏ నూనెనో తెలిసిపోతుంది.

కింది ప్లగ్ విప్పేటప్పుడు చివరి చుట్లు చేత్తో లోపలికి నొక్కి పట్టి తిప్పి, ఒక్కసారిగా పక్కకు తీసెయ్యండి. నూనె మొదట దూరంగా పడి, జోరు తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది, ట్రే దానికి తగ్గట్టు జరపండి. పావుగంట కారనివ్వండి.

ఈలోగా ప్లగ్ చివరనున్న అయస్కాంతం చూడండి. అన్ని కార్లకూ ఉండదు గానీ, ఉంటే అది లోపలి సంగతి చెబుతుంది. నా ప్లగ్ మీద మొదటిసారి వేలెడు మందాన బూడిద రంగు ముద్ద ఉంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే పౌడరులా మెత్తగా ఉంది, ఎక్కడా గరుకు తగల్లేదు. అది మామూలు అరుగుదల, భయపడక్కర్లేదు. వేలికి గుచ్చుకునే ముక్క ఉంటే, అందులోనూ ఒకవైపు పల్చగా విరిగిన పంటి అంచులా కనిపిస్తే, గేర్‌బాక్స్ విప్పించాల్సిందే. ఇత్తడిని అయస్కాంతం పట్టదు, దాన్ని నూనెలోనే వెతకాలి. ట్రేలోని నూనెను టార్చి వెలుగులో కర్రతో కదిపితే బంగారు రంగు మెరుపు కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే సింక్రోలు మామూలుగా అరుగుతున్నట్టు. కాంతి పడ్డ చోటల్లా మెరుస్తుంటే గేర్లు కర్రుమనడానికి కారణం దొరికినట్టే.

ప్లగ్ శుభ్రంగా తుడిచి, కొత్త వాషర్ వేసి, ముందు చేత్తో నాలుగు చుట్లు బిగించండి. చేత్తో సాఫీగా తిరగకపోతే మర వంకరగా ఎక్కుతున్నట్టు, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. తర్వాత పుస్తకంలో ఉన్న టార్కుకు బిగించండి. గేర్‌బాక్స్ ఒళ్ళు అల్యూమినియం, బలం కొద్దీ బిగిస్తే మరలు ఊడిపోతాయి. సన్నబడుతూ వెళ్ళే మర ఉన్న ప్లగ్గులకు వాషర్ ఉండదు, వాటికి మరకు రాసే సీలెంట్ వాడాలి.

నింపడం ఓపిక పని. పై రంధ్రానికి నేరుగా డబ్బా అందదు. నేను బానెట్ ఎత్తి, పై నుంచి పైపు దించి, దాని చివర రంధ్రంలో పెట్టి, పైన గరాటుతో పోస్తాను. సన్నటి ధారగా దిగుతుంది, రెండు లీటర్లకు ఇరవై నిమిషాలు పడుతుంది. డబ్బాను కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచితే త్వరగా దిగుతుంది. రంధ్రం కింది అంచు నుంచి నూనె పొర్లి చిన్న ధారగా వచ్చి, అది చుక్కలుగా మారి ఆగేదాకా పోస్తూ ఉండాలి. చాలా గేర్‌బాక్సులకు సరైన మట్టం అదే. వేలి మొదటి కణుపు లోపలికి పెట్టి వంచితే వేలి కొస నూనెలో మునగాలి. కొన్ని గేర్‌బాక్సుల్లో రంధ్రం దాకా నింపకూడదు, కొలిచి పొయ్యాలి. పుస్తకంలో అలా ఉంటే అదే చెయ్యండి. కారిన పాత నూనె ఎంతో అంతే పోస్తే చాలనుకోకండి, ఇన్నాళ్ళలో కొంత సీలు దగ్గర కారిపోయి ఉండొచ్చు. తక్కువైతే పైన ఉండే షాఫ్టుకూ, బాక్స్ చివర ఉండే ఐదో గేరుకూ మొదట కరువొస్తుంది. ఎక్కువైతే నురగకట్టి, సీళ్ళ నుంచి బయటికి తోసుకొస్తుంది.

పై ప్లగ్ కూడా కొత్త వాషరుతో బిగించి, చుట్టూ పొడిగా తుడవండి. నెమ్మదిగా ఓ ఐదు కిలోమీటర్లు అన్ని గేర్లూ వేస్తూ నడిపి రండి. పాత నూనెను డబ్బాలో పోసి వాడిన నూనె తీసుకునే చోట ఇవ్వండి. మట్టిలోనో కాలవలోనో పొయ్యకండి. తేదీ, కిలోమీటర్లు, నూనె గ్రేడు, అయస్కాంతం మీద ఏం కనిపించిందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పోయినసారి ముద్ద ఎంత ఉందో, ఈసారి ఎంత ఉందో పోల్చి చూసుకోవడానికి నాకు అదే ఆధారం.

ఆ రాత్రి గేర్‌బాక్స్ కింద ఒక అట్టముక్క పరిచి ఉంచండి. మొన్నటిసారి తెల్లారి చూస్తే నా అట్ట మీద రెండు చుక్కలు కనిపించాయి. ప్లగ్ కింద కాదు, కుడివైపు యాక్సిల్ సీలు కింద. నింపేటప్పుడు పొర్లిన నూనె అక్కడ నిలిచిపోయిందా, సీలే కారుతోందా అన్న అనుమానంతో ఆ చోటంతా తుడిచి, కొత్త అట్ట వేశాను. రెండో రోజు ఒక చుక్క ఉంది. మూడో రోజు అట్ట పొడిగా ఉంది.